రోజూ ఎట్లుంటవో గట్లనే

పాలకూర మడిలో చివరి సాలు కోస్తుండగా తూర్పు తెల్లబడింది. బాలనర్సమ్మ తలెత్తి చూడలేదు. ఆకుల మీది మంచు చేతికి తగిలే తీరును బట్టే ఆమెకు వేళ తెలుస్తుంది. వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటే ఇంకా చీకటి. నీరై మణికట్టు మీదికి జారుతుంటే పొద్దు పొడుస్తున్నట్టు. ఎడమ చేత్తో గుప్పెడు కాడలు ఒడిసి పట్టి, కొడవలితో మొదలుకు రెండు వేళ్ల పైన కోసి పక్కన వేస్తోంది. నాలుగు గుప్పిళ్లకోసారి నడుం నిటారు చేసి, ఒక ఊపిరి తీసుకుని, మళ్లీ వంగుతోంది. శామీర్‌పేట చెరువు కిందున్న ఈ ఇరవై గుంటలను ఆమె కౌలుకు చేయబట్టి ఇరవై రెండేళ్లయింది.

ఆమెకు అరవై నాలుగేళ్లని ఆధార్ కార్డు అంటుంది. సన్నగా, పొట్టిగా, ఎండిన కందికట్టెలా ఉంటుంది. గోళ్ల చుట్టూ ఆకుపసరు నల్లగా ఇంకిపోయి ఏ సబ్బుకూ వదలదు. కాలివేళ్లు బురదలో ఆనీ ఆనీ దూరం దూరంగా విచ్చుకున్నాయి. ఊళ్లో ఎవరైనా ఆమె గురించి చెప్పాల్సి వస్తే "ఆకుకూరల నర్సమ్మ" అంటారు. ఆపైన చెప్పడానికి ఏమీ దొరక్క ఊరుకుంటారు.

రోజూ అయితే ఈ పాటికి గంప నెత్తికెత్తుకుని రోడ్డు మీదికి వచ్చేది. ఇవాళ మాత్రం ఎనిమిది గంటలకు ఊరి కమ్యూనిటీ హాలులో ఉండాలి. మాట ఇచ్చింది.

ఇరవై రోజుల కింద శామీర్‌పేట దగ్గరి పరిశోధన సంస్థ నుంచి ఒక జీపు ఊళ్లోకి వచ్చింది. అందులోంచి దిగిన పద్మలత అనే నర్సు ఇల్లిల్లూ తిరిగి, అరవై దాటిన ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగింది. చక్కెర ఉందా, బీపీ ఉందా, థైరాయిడ్ గోళీ వేసుకుంటున్నారా, మోకాళ్లకు సూదులు పొడిపించుకున్నారా అని. ఊళ్లో ఏదో ఒకటి లేనివాళ్లు లేరు. బాలనర్సమ్మ దగ్గరికి వచ్చేసరికి ప్రతి ప్రశ్నకూ "లేదు బిడ్డా" అన్నదే జవాబు. బరువు తూచారు, నెత్తురూ మూత్రమూ తీసుకుపోయారు. వారం తర్వాత పద్మలత మళ్లీ వచ్చి గడప మీద కూర్చుంది.

"నీకేం రోగం లేదవ్వా. అందుకే నువ్వు గావాలె మాకు."

బాలనర్సమ్మకు ఆ మాట రెండు రోజుల దాకా అరగలేదు. రోగం ఉంటే దవాఖానకు పిలుస్తారని తెలుసు. రోగం లేనందుకు పిలవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే వినడం.

హాలులో నాలుగు కుర్చీలు, ఒక బల్ల, గోడ పక్కన గిర్రున తిరిగే చిన్న మిషను, మంచుగడ్డలు నింపిన డబ్బా ఉన్నాయి. బాలనర్సమ్మ గంపను గుమ్మం పక్కన దించి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చింది. అరగంట ఊరికే కూర్చోమంది పద్మలత. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. కొంగు అంచున ఊడిన దారాన్ని చుడుతూ కూర్చుంది.

"గీ పరీక్ష దేని కొరకు బిడ్డా?" అని అడిగింది.

పద్మలత సుచిత్ర చౌరస్తా దగ్గర పెరిగిన పిల్ల. మాట దాచుకోవడం, మాట పెంచడం రెండూ రావు. "కిడ్నీలుంటయ్ గదవ్వా, వాటి మీద టోపీ పెట్టినట్టు రెండు చిన్న గడ్డలుంటయ్. పానం మీదికి ఏదన్న వస్తే అవి ఒక రసాన్ని నెత్తుర్లకు ఇడుస్తయ్. ఏం రాకపోయినా గానీ, రోజూ తెల్లారక ముందుగాల, నువ్వు ఇంక పండుకొనే ఉంటవ్ సూడు, గప్పుడే అది పెరుగుడు షురువైతది. నిన్ను లేపి నిలవెట్టేది అదే. పొద్దెక్కినంక మెల్లమెల్లగ తగ్గుతది."

"నన్ను లేపేది కోడి గాదా?"

"కోడి కంటె ముందే లేస్తదవ్వా అది."

బాలనర్సమ్మ చేతిలోని దారం ఆగిపోయింది. పద్నాలుగేళ్లకు కాపురానికి వచ్చింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది తానే. అత్త ఉన్నప్పుడూ అంతే, పిల్లలప్పుడూ అంతే, పెనిమిటి పోయాకా అంతే. చీకట్లో ఒక్కతే కళ్లు తెరిచి, పక్కనున్న ఊపిరులు వింటూ, ఈ లోకంలో మెలకువగా ఉన్నది తానొక్కతేనని ఎన్నిసార్లు అనుకుందో. తనకంటే ముందు తన లోపలే ఎవరో లేచి, చప్పుడు చేయకుండా పొయ్యి రాజేసి, ఆ తర్వాత తనను తట్టి లేపుతున్నారన్నమాట.

"నాకంటె ముందుగాల లేసేటోళ్లు ఎవలూ లేరనుకున్న బిడ్డా, ఇన్నొద్దులు," అంది నెమ్మదిగా.

పద్మలత రబ్బరు పట్టీ బిగించింది. మోచేతి మడతలో పచ్చబొట్టు చుక్కల కింద నరం లేతగా ఉబ్బింది. సూది దిగినప్పుడు బాలనర్సమ్మ ముఖం తిప్పుకోలేదు. ట్యూబులోకి ఎక్కుతున్న నెత్తురును, కొత్త మనిషిని చూసినట్టు, కళ్లు విప్పి చూసింది.

"ఆ రసం ఎవలికి ఎంతుండాలెనో ఎట్ల తెలుస్తది?"

"గదే గదవ్వా మనం చేసేది. మిషన్‌తోని వచ్చిన పుస్తకంల ఏదో దేశపోళ్ల లెక్క రాసుంది. మన దిక్కు మనుషులకు ఎంతుంటే సక్కగ ఉన్నట్టో ఈ మిషన్ మీద ఎవలూ సూడలే. రోగం లేని నూట ఇరవై మంది పెద్దోళ్ల నెత్తురు సూసి గీత గీస్తరు. నువ్వు నూట ఇరవయ్యోదానివి. నీ తోటి అయిపాయె. రేపు ఎవలన్న మంచాన పడి పరీక్షకొస్తే, గీ గీత పక్కన పెట్టే సూస్తరు."

ట్యూబు మీద అంటించిన చీటీలో పేరు లేదు, అంకె ఉంది. పద్మలత దూది అదిమి పట్టి మళ్లీ చెప్పింది. "సాయంత్రం నాలుగింటికి ఇంకొకపారి తీయాలె. రెండూ ఉంటెనే లెక్క. గప్పటిదాక ఉరుకొద్దు, కొట్లాడొద్దు, పరేషాన్ గావొద్దు. కోపం జేసినా దుఃఖం జేసినా నెత్తుర్ల తెలిసిపోతది. రోజూ ఎట్లుంటవో గట్లనే ఉండు."

షేర్ ఆటోలో మేడ్చల్ దాకా, అక్కణ్ణుంచి బస్సులో సుచిత్ర దాకా ఆమె అదే ఆలోచించింది. రోజూ నేను ఎట్లుంట? ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. తానూ అడుక్కోలేదు. ఆకు ఎలా ఉందో తెలుసు, నేల ఎలా ఉందో తెలుసు, మనుమరాలు శృతి ముఖం చూస్తే కాలేజీలో ఏం జరిగిందో తెలుసు. తన సంగతి మాత్రం ఎదుటి గట్టు మీది మనిషిలా దూరంగా ఉంది.

సుచిత్ర చౌరస్తాకు కొంచెం ఇవతల, అయిదంతస్తుల అపార్ట్‌మెంటు గోడవారన ఆమె జాగా. గోనెపట్ట పరిచి, పాలకూర ఒక వరుస, తోటకూర ఒక వరుస, పుదీనా ముందు పెట్టి, నీళ్లు చిలకరించి కూర్చుంది. ఆలస్యం కావడంతో పొద్దుటి బేరాలు అప్పటికే వెళ్లిపోయాయి. పదకొండు దాటాక మూడో అంతస్తు ఆవిడ దిగింది. రోజూలాగే కట్టలన్నీ తిరగేసి, ఒకటి విప్పి, కాడలు విరిచి చూసి, ముదిరిందని పెదవి విరిచింది.

బాలనర్సమ్మ నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుంది. కోపం చేయొద్దంది పిల్ల. అంతలోనే అనుమానం వచ్చింది. రోజూ అయితే ఊరుకునేదా? ఊరుకోదు. ఇవాళ ఊరుకుంటే రోజూ ఉన్నట్టు ఉన్నట్టా? కాసేపు తర్జనభర్జన పడి, చివరికి రోజూ అనేదే అనేసింది. "ముదిరింది ఆకు గాదమ్మా, మన ఇద్దరి చేతులే. తీసుకుపోయి వండుకో, ఎన్నపూస తీరు గాకుంటే రేపు నా మొహాన కొట్టు."

ఆవిడ నవ్వి రెండు కట్టలు తీసుకుంది. బాలనర్సమ్మకూ నవ్వొచ్చింది. తాను రోజూ ఒకసారి కోపం తెచ్చుకుంటుందనీ, అది నవ్వులోకి దిగిపోతుందనీ ఆమెకు ఇవాళే తెలిసింది.

మధ్యాహ్నం ఎండ గోడ మీదికి జరిగింది. సద్ది తినే ముందు ఆమె తల పైకెత్తాలి. రోజూ ఎత్తుతుంది. ఇవాళ వద్దనుకుంది. ముద్ద కలిపింది, నోట పెట్టుకోలేదు. ఎత్తకపోతే అది కూడా నెత్తురుకు తెలియకుండా ఉంటుందా?

ఎత్తింది. నాలుగో అంతస్తు మూల బాల్కనీలో ఎవరో పసిపిల్ల గౌన్లు ఆరేశారు. పంతొమ్మిదేళ్ల కింద అక్కడ గోడలు లేవు. సెంట్రింగ్ చెక్కలు, ఇనుప చువ్వలు. కూలిపనికి ఎక్కిన ఆమె పెనిమిటి సిద్దయ్య ఆ మూల నుంచే పడ్డాడు. ఆమె కబురంది వచ్చేసరికి ఇసుక మీద గోనెపట్ట కప్పి ఉంది. ఏడాది తిరక్కుండానే అపార్ట్‌మెంటుకు రంగులు వేశారు, మనుషులు దిగారు. ఆమె గంప తెచ్చి ఆ గోడవారనే కూర్చుంది. ఎందుకక్కడ అని ఊళ్లో అడిగితే "నీడ ఉంటది" అంది. అది అబద్ధం కాదు. ఆ మూలను రోజుకొకసారి చూసి, అన్నం తిని, మళ్లీ ఆకు మీద నీళ్లు చల్లుతుంది. అంతే. ఏడవదు. ఆ చూపును కూడా ఈ పొద్దు ఆ పిల్ల మిషను తూకం వేస్తుందేమోనని మొదటిసారి అనిపించింది. భయం కాదు. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పని దాన్ని నెత్తురు లెక్క రాసుకుంటూ వచ్చిందని ఒక విధమైన ఆశ్చర్యం.

మిగిలిన కట్టలను పక్కన పూలమ్మే ఆమెకు అప్పజెప్పి రెండు గంటలకే లేచింది. బస్సు కొంపల్లి దగ్గర చాలాసేపు నిలిచిపోయింది. జనం విసుక్కున్నారు. ఉరుకొద్దన్న మాట గుర్తుచేసుకుని ఆమె కిటికీ కమ్మీ పట్టుకుని నిదానంగా కూర్చుంది. మేడ్చల్‌లో దిగేసరికి మూడు దగ్గర పడింది. ఆటోలు లేవు. అప్పుడే ఒక తెల్ల కారు పక్కకొచ్చి ఆగింది.

"నర్సమ్మా, మన ఊరికేనా? ఎక్కు."

ఆమె మడి యజమాని రవీందర్. తండ్రి నాడు ఎడ్లు, ఇతని నాడు వెంచర్లు. మాట మర్యాద తప్పనివాడు. కారు ఎక్కనని ఆమె రెండుసార్లు అంది. నాలుగు గంటల సంగతి గుర్తొచ్చి ఎక్కింది. తడి గంప సీటుకు తగలకుండా ఒళ్లో పెట్టుకుంది. చల్లటి గాలి ముఖానికి కొడుతోంది. రింగురోడ్డు వంతెన దాటాక అతను కారు వేగం తగ్గించాడు.

"నీకు ముందుగాల చెప్పాలెనని నాలుగొద్దుల సంది అనుకుంటున్న. మన మడి, దాని పక్కలవి అన్నీ కలిపి ప్లాట్లు కొడుతున్నం. ఈ నెల దాటినంక రాళ్లు పాతుతరు. ఉన్న కోత తీసుకో. మళ్ల విత్తనం వెయ్యకు."

గంప కింది నుంచి ఒక నీటిబొట్టు ఆమె పాదం మీద పడింది. ఇరవై రెండేళ్లలో ఆ నేలను ఆమె ఎన్నిసార్లు తవ్వి, ఎన్ని గంపల పెంట పోసి, ఎన్ని రాళ్లు ఏరి గట్టు మీద వేసిందో. ఇప్పుడు రాళ్లే తెచ్చి పాతుతారట.

"మంచిది పటేలా," అంది.

అతను అద్దంలోంచి ఆమెను ఒకసారి చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. హాలు ముందు దింపేటప్పుడు గంప తానే అందుకుని కింద పెట్టాడు.

నాలుగుకు ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది. పద్మలత సంబరంగా ఎదురొచ్చింది. పొద్దున లేని డాక్టరు అనూహ్య కూడా ఇప్పుడు బల్ల దగ్గర కాగితాలు సర్దుతోంది. ముప్పై అయిదేళ్లు ఉంటాయి, కళ్లద్దాలు. మూడేళ్లుగా ఈ లెక్క కోసం ఊళ్లు తిరుగుతోంది. బాలనర్సమ్మ కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పింది.

"ఇయ్యాల తీయకుండ్రి బిడ్డా. లెక్క తప్పైతది."

"ఏమైందవ్వా?"

చెప్పింది. కారులో విన్నది విన్నట్టు, ఒక్క మాట పెంచకుండా. పద్మలత ముఖం వాడిపోయింది. నూట ఇరవయ్యో మనిషి. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ ఏ ఊళ్లో దొరకాలి. అనూహ్య కాగితాలు పక్కన పెట్టి లేచి వచ్చింది.

"అమ్మా, పెద్ద దెబ్బ తగిలిన రోజు లెక్కలోకి రాదు. అది మేం పెట్టుకున్న నియమమే. మీరు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. చెప్పారు, మంచిది. ఇంకో రోజు వస్తాం. మామూలుగా ఉన్న రోజు."

బాలనర్సమ్మ ఆలోచించింది. పొద్దుటి నుంచి చూస్తూనే ఉంది తన మామూలు ఎలా ఉంటుందో. మడి, గంప, విరిచిన కాడలు, నాలుగో అంతస్తు, ఇప్పుడిది. పోయిన ఏడాది వరదకు మడి మొత్తం కుళ్లిపోయింది. అంతకు ముందేడు కొడుకు బాలేష్ ఆటో బోల్తా పడి కాలు విరిగింది. దానికి ముందు ఇంకేదో.

"గిసోంటియి వస్తనే ఉంటయి బిడ్డా," అంది చివరికి. తప్పు ఒప్పుకుంటున్నట్టుగా ఉంది ఆ గొంతు. "ఏమీ గాని దినం గావాలంటె నా తాన దొరకదు. గిదే నా రోజు."

అనూహ్య కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"కూర్చోండమ్మా," అంది. "తీద్దాం. ఏం జరిగిందో పక్కన రాసి పెడతాను. ఉంచాలో తీసేయాలో తర్వాత చూస్తాను."

ఈసారి కుడి చెయ్యి. నెత్తురు తీసి ట్యూబును అరగంట నిలబెట్టి, మిషనులో వేసి గిర్రున తిప్పారు. బాలనర్సమ్మ వెళ్లిపోకుండా నిలబడి చూసింది. బయటికి తీసేసరికి ఎర్రనిదంతా అడుగుకు దిగింది. పైన ఎండుగడ్డి రంగులో తేటనీళ్లు. వానాకాలం కుంటలో బురద దిగి నీళ్లు తేరినట్టు.

"గింత తేటగుంటదా లోపట!"

"అందరికీ ఉంటదవ్వా," అంది పద్మలత.

"అందరికుంటదా!" అంటూ ఆమె మరింత దగ్గరికి వంగింది. వెలుతురుకు ఎత్తి చూపించమంది. చూసి, రెండు చేతులూ జోడించింది. దేనికి జోడించిందో పద్మలతకు అర్థం కాలేదు. మిషనుకా, నెత్తురుకా, ఇంకా దేనికో. అప్పుడామె ముఖంలో మడి లేదు, ప్లాటు లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మడి సంగతి ఒక్క మాటలో చెప్పి, తేటనీళ్ల సంగతి మాత్రం శృతికి చాలాసేపు చెప్పింది. నెల దాటాక రాళ్లు పాతారు. చివరి కోత అయ్యాక కూడా ఆమె శామీర్‌పేటలో వేరేవాళ్ల ఆకు కొని సుచిత్రకు తీసుకెళ్లింది. పుష్యమాసంలో ఒక శుక్రవారం ఆమె లేవలేదు. పక్క మంచంలో పడుకున్న శృతి ఆరు గంటలకు తనంతట తానే మేల్కొని, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటని అటు తిరిగి చూసింది. అవ్వ నిద్రలోనే పోయింది. చేతులు అప్పటికే చల్లబడ్డాయి.

పన్నెండో రోజు పద్మలత కాగితం పట్టుకుని వచ్చింది. ఆమెకు తెలియదు. గుమ్మంలో దండ వేసిన ఫొటో చూసి చెప్పులు విడిచి అలాగే నిలబడిపోయింది. శృతి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు.

"పొద్దుటిది పద్నాలుగు," అంది పద్మలత. "సాయంత్రంది ఆరు కంటె తక్కువ. మేడం నమ్మలే. కారుల గా మాట ఇన్న అరగంటకే తీసినం గద, మస్తు పెరిగుంటదనుకున్నది. మిషన్ల మళ్ల నడిపించింది. మళ్ల గంతే వచ్చింది. నూట ఇరవై మందిని వరుసగ పేరిస్తే మీ అవ్వ నట్టనడుమ ఉన్నది. మేడం తీసెయ్యలే, ఉంచింది."

శృతి కాగితం చదివింది. ఎడమ వైపు పరీక్ష పేరు, నడుమ అవ్వ అంకెలు, కుడి వైపు ఎంత ఉండాలో రాసే గడి. ఆ గడి ఖాళీగా ఉంది.

"గదేంది, గీడ ఏం రాయలే?"

"గీ కాగితం తీసినప్పటికి లెక్క తేలలే. మీ అవ్వసోంటోళ్ల తోటే గా గడి నింపాలె. వచ్చే నెల సంది అందరి కాగితాల మీద అచ్చయితది."

పద్మలత వెళ్లాక శృతి లోపలికి వచ్చింది. అవ్వ పరుపు చుట్ట ఎండలో వేయడానికి విప్పుతుంటే తలవైపు మడతలోంచి ఒక పొట్లం జారి పడింది. అరటినారతో గట్టిగా కట్టి ఉంది, పాలకూర కట్టలాగే. విప్పి చూస్తే అన్నీ బస్సు టికెట్లు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి కండక్టరు చింపి చేతిలో పెట్టే జీరో టికెట్లు. రెండేళ్లవి. రోజుకు రెండు చొప్పున, మేడ్చల్ నుంచి సుచిత్ర, సుచిత్ర నుంచి మేడ్చల్. ఎందుకు దాచిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. అందరూ పారేసే కాగితాలవి. శృతి ఒక్కొక్కటే తీసి కిటికీ వెలుతురుకు పట్టింది. పైన ఉన్న వాటి మీద ఊదారంగు అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. కిందికి పోయిన కొద్దీ అక్షరాలు వెలిసిపోయి, అడుగున ఉన్నవన్నీ తెల్లగా, ఒకదాని మీదొకటి అంచులు కలిపి, చక్కగా పేర్చి ఉన్నాయి.